కిరాణా బిల్లును పాఠ్యంగా మార్చే ఫంక్షన్‌కు యూనిట్ టెస్టులు రాయడం ఎలా

పేర్లు, అంకెలు, తేదీలు ఉన్న ఒక రికార్డును తీసుకొని మనిషి చదవగల పాఠ్యంగా మార్చే ఫంక్షన్ దాదాపు ప్రతి ప్రాజెక్టులోనూ ఎక్కడో ఒకచోట ఉంటుంది. దుకాణపు బిల్లు, జీతం చీటీ, మార్కుల మెమో, బ్యాంకు పంపే ఎస్సెమ్మెస్ అన్నీ ఈ కోవకే చెందుతాయి. దీనికి యూనిట్ టెస్టు, అంటే ఆ ఒక్క ఫంక్షన్ సరిగా పనిచేస్తున్నదో లేదో చూసే చిన్న కోడ్, రాయడం చాలా సులువని మొదట అనిపిస్తుంది. వచ్చిన స్ట్రింగును, అంటే అక్షరాల వరుసను, రావలసిన స్ట్రింగుతో పోల్చి చూస్తే పని అయిపోతుంది కదా అనుకుంటాం. అయితే ఆ రావలసిన స్ట్రింగు ఎక్కడి నుంచి తేవాలన్నదే అసలు ప్రశ్న. ఫంక్షన్‌ను ఒకసారి నడిపి, తెర మీద కనిపించినదాన్ని కాపీ చేసి టెస్టులో అతికిస్తే, ఫంక్షన్ ఇప్పుడు ఏం చేస్తున్నదో ఆ టెస్టు నమోదు చేస్తుందే తప్ప, ఏం చేయాలో చెప్పదు. తప్పుడు మొత్తం అచ్చయినా ఆ టెస్టు పాసవుతూనే ఉంటుంది.

అందువల్ల ఈ వ్యాసంలో కోడ్ కంటే ముందు కాగితాన్ని తీసుకుంటున్నాను. ఉదాహరణ ఒక కిరాణా దుకాణపు బిల్లు. భాష పైథాన్, టెస్టులు నడిపే సాధనం పైటెస్ట్. పైథాన్ 3 తెలుగు అక్షరాలున్న పేర్లను అంగీకరిస్తుంది కాబట్టి మన ఫంక్షన్‌ను బిల్లు_పాఠ్యం అని పిలుద్దాం. టెస్టుల పేర్లు మాత్రం పైటెస్ట్ గుర్తుపట్టే test అన్న ఇంగ్లీషు మాటతోనే మొదలుకావాలి. ఆ తర్వాతి భాగాన్ని తెలుగులో రాసుకోవచ్చు. నా మట్టుకు నేను అలాగే రాస్తాను, ఎందుకంటే టెస్టు తప్పినప్పుడు మొదట కనిపించేది ఆ పేరే.

కాగితం మీద బిల్లు

ముందుగా తెల్లకాగితం మీద, క్యాలిక్యులేటరు పక్కన పెట్టుకొని, బిల్లు ఎలా ఉండాలో చేత్తో రాయండి. 58 మిల్లీమీటర్ల థర్మల్ ప్రింటరు మీద మామూలు అక్షరాలు వరుసకు 32 పడతాయి కాబట్టి వెడల్పును 32గా తీసుకున్నాను.

బిల్లు నం. 147
తేదీ: 05-03-2025
--------------------------------
కందిపప్పు (కిలో)
   2.500 ×    158.00      395.00
చింతపండు (కిలో)
   0.250 ×    190.00       47.50
ఉప్పు (ప్యాకెట్)
       2 ×     28.00       56.00
--------------------------------
మొత్తం: ₹498.50
సవరింపు: +0.50
చెల్లించవలసినది: ₹499

ఇది రాస్తున్నప్పుడే నాలుగైదు నిర్ణయాలు తీసుకోవలసి వచ్చిందని గమనించండి. కిలోల్లో తూచే సరుకుకు మూడు దశాంశ స్థానాలు ఉండాలి, ప్యాకెట్లకు అసలు ఉండకూడదు. ధర ఎప్పుడూ రెండు స్థానాలతోనే ఉంటుంది, చివరి మొత్తంలో మాత్రం పైసలు కనిపించవు. సరుకు పేరు ఒక వరుసలో, దాని లెక్క కింది వరుసలో వస్తాయి; ఎందుకు ఇలా విడదీశానో తర్వాత చెబుతాను. ఈ నిర్ణయాల్లో ప్రతిదీ ఒక చిన్న టెస్టు కావాలి, మొత్తం బిల్లు ఒకే ఒక పెద్ద టెస్టు కావాలి. ఈ నిష్పత్తిని తిరగేసి, ఇరవై పూర్తి బిల్లులను పోల్చే టెస్టులు రాసుకున్నవారు, గీతలో ఒక్క అడ్డగీత పెరిగిన రోజున ఇరవై టెస్టులనూ తిరగరాస్తూ కూర్చోవలసి వస్తుంది.

ఫంక్షన్‌ను టెస్టుకు అనువుగా ఉంచడం

బిల్లు_పాఠ్యం తనంతట తాను ప్రింటరుకు పంపకూడదు, తెర మీద రాయకూడదు, గడియారం చూడకూడదు. దానికి ఇచ్చినది రికార్డు, అది తిరిగి ఇవ్వవలసినది స్ట్రింగు, అంతే. లోపలే నేటి తేదీని అడిగి తీసుకొనే ఫంక్షన్‌కు రాసిన టెస్టు ఈరోజు పాసై రేపు తప్పుతుంది. తేదీని రికార్డులో భాగంగా, భారత కాలమానంలోకి మార్చిన తర్వాతే లోపలికి పంపండి; సర్వరు గడియారం అంతర్జాతీయ కాలమానంలో ఉంటే, అర్ధరాత్రి దాటాక తెల్లవారుజామున 5:30 లోపు కొట్టిన బిల్లు మీద నిన్నటి తేదీ పడుతుంది.

టెస్టుకు ఎంచుకొనే విలువలు తప్పును దాచిపెట్టేవి కాకూడదు. పై బిల్లులో తేదీ మార్చి 5. రోజు, నెల తారుమారైతే 03-05-2025 అని వస్తుంది కాబట్టి టెస్టు పట్టుకుంటుంది. మే 5 పెట్టి ఉంటే ఎన్నడూ పట్టుకోదు. అలాగే పరిమాణం 1గా పెడితే గుణించడం మరచిపోయినా తెలియదు, పరిమాణం 2, ధర 2 పెడితే గుణించడానికి బదులు కూడినా 4 వస్తుంది. ఒకటి, పది, వంద వంటి గుండ్రని అంకెలు రాయడానికి సుఖంగా ఉంటాయి గాని, తప్పులను వెతకడానికి పనికిరావు.

డబ్బు: లక్షల కామాలు

పైథాన్‌లో అంకెకు కామాలు పెట్టమంటే అది మూడేసి అంకెలకు ఒకటి చొప్పున పెడుతుంది. ఒక కోటి 10,000,000 అవుతుంది. మనకు కావలసినది 1,00,00,000. అందుకని చాలామంది ఒక చిన్న సహాయక ఫంక్షన్ రాసుకుంటారు: అంకెను స్ట్రింగుగా మార్చి, చివరి మూడు అక్షరాలను విడదీసి, మిగిలినదాన్ని కుడి నుంచి ఎడమకు రెండేసి చొప్పున కోసి, మధ్యలో కామాలు పెడతారు. ఈ ఫంక్షన్‌ను బిల్లు నుంచి వేరుగా ఉంచి, పైటెస్ట్‌లోని ఒకే టెస్టును వేర్వేరు విలువలతో నడిపే ప్యారామెట్రైజ్ సదుపాయంతో ఒక పట్టిక ద్వారా పరీక్షించండి.

0 → 0
999 → 999
1000 → 1,000
99999 → 99,999
100000 → 1,00,000
9999999 → 99,99,999
10000000 → 1,00,00,000
-100 → -100
-1000 → -1,000
-10000 → -10,000

ఈ అంకెలన్నీ కామా కొత్తగా పుట్టే చోటుకు అటూ ఇటూ ఉన్నవే. 45,678 వంటి మధ్యస్థమైన అంకె ఒక్కటి పెట్టి సంతృప్తి పడేవారున్నారు. అది పాసైతే తెలిసేది చాలా తక్కువ. పట్టిక చివర ఉన్న మూడు రుణ సంఖ్యలు సరుకు తిరిగి ఇచ్చినప్పుడు కొట్టే బిల్లుల కోసం పెట్టినవి. పైన చెప్పిన పద్ధతిలో -100ను స్ట్రింగుగా మార్చితే నాలుగు అక్షరాలు వస్తాయి. చివరి మూడు పోగా మిగిలేది ఒక్క మైనస్ గుర్తు, దాని పక్కన కామా చేరి -,100 అని అచ్చవుతుంది. ఇందులోని వింత ఏమిటంటే -1000కు జవాబు సరిగానే వస్తుంది, ఎందుకంటే మైనస్ గుర్తు, ఒకటి కలిసి ఒక జతగా కుదిరిపోతాయి. -10000 దగ్గర మళ్ళీ -,10,000 అని తప్పుతుంది, -100000 దగ్గర మళ్ళీ సరిగా వస్తుంది. రుణ సంఖ్యకు ఒక టెస్టు ఉందిలే అని నేను ఒకసారి -1000తో సరిపెట్టి, తిరుగు బిల్లు మీద మైనస్ పక్కన కామాను దుకాణదారు చూపించేదాకా గమనించలేదు. గుర్తును ముందే తీసి పక్కన పెట్టి, ధన సంఖ్యకు కామాలు పెట్టి, చివరన గుర్తును మళ్ళీ తగిలిస్తే ఈ చిక్కు పోతుంది.

రుణ సున్నాను కూడా పట్టికలో చేర్చండి. -0.001ను రెండు స్థానాలకు మార్చితే పైథాన్ -0.00 అని ఇస్తుంది. బిల్లు మీద మైనస్ సున్నా చూసిన కొనుగోలుదారుకు మనం చెప్పగల జవాబు ఏమీ ఉండదు.

డబ్బు: పైసల సవరింపు

డబ్బును, దశాంశ సంఖ్యలను ఉజ్జాయింపుగా దాచే ఫ్లోట్‌లలో ఉంచకూడదన్న మాట అందరూ వినేదే. 0.1, 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుందన్న ఉదాహరణ కూడా పాతదే. బిల్లు విషయంలో ఇంతకంటే గట్టి ఉదాహరణ 2.675. దీన్ని ఫ్లోట్‌గా ఇచ్చి రెండు స్థానాలకు సవరించమంటే 2.68 రాదు, 2.67 వస్తుంది, కంప్యూటరు దాచుకొన్న విలువ 2.675 కంటే లవలేశం తక్కువ కావడమే కారణం. ధరలను, దశాంశాలను ఉన్నవి ఉన్నట్టుగా దాచే డెసిమల్ రకంలో, అదీ స్ట్రింగు నుంచి తయారుచేసి ఉంచుకోవాలి. ఫ్లోట్ నుంచి డెసిమల్ తయారుచేస్తే ఆ లోపం కూడా వెంట వస్తుంది.

డెసిమల్ వాడినా పని పూర్తికాదు. పైథాన్ 3లోని రౌండ్ ఫంక్షన్ సరిగ్గా సగం దగ్గర ఉన్న విలువను దగ్గరలోని సరి సంఖ్యకు తీసుకుపోతుంది. మన బిల్లు మొత్తం 498.50, రౌండ్ దీన్ని 498 చేస్తుంది. దుకాణంలో అందరూ అనుకొనేది 499. 2017 నాటి కేంద్ర వస్తు సేవల పన్ను చట్టంలోని 170వ సెక్షన్ కూడా పన్ను మొత్తాన్ని రూపాయికి సవరించేటప్పుడు 50 పైసలు, అంతకు మించి ఉంటే పై రూపాయికి పెంచాలనే చెబుతుంది. డెసిమల్ రకం కూడా మనం వేరే చెప్పకపోతే సరి సంఖ్య పద్ధతినే అనుసరిస్తుంది కాబట్టి, సగం పైకి అన్న పద్ధతిని పేరు పెట్టి కోరాలి, కోరామని టెస్టు నిరూపించాలి.

ఇక్కడే ఇంకొక టెస్టు చేర్చమని సలహా ఇస్తాను. తయారైన బిల్లు పాఠ్యాన్ని మళ్ళీ చదివి, లెక్కల వరుసల్లో కుడి చివర ఉన్న అంకెలను కూడి, ఆ కూడిక బిల్లు మీద అచ్చయిన మొత్తంతో సరిపోతుందో లేదో చూడాలి. సరిపోకుండా ఎలా ఉంటుంది అనిపించవచ్చు. 2.675 విలువ చేసే వరుసలు మూడు ఉన్నాయనుకోండి. ఒక్కొక్కటి 2.68గా అచ్చవుతుంది, వాటి కూడిక 8.04. ఫంక్షన్ మాత్రం సవరించని విలువలను కూడి 8.025 తెచ్చి, దాన్ని 8.03గా అచ్చువేస్తుంది. పైసా తేడాయే కావచ్చు గాని, క్యాలిక్యులేటరుతో కూర్చొనే లెక్కల గుమాస్తాకు అది పైసాగా కనిపించదు. వరుసలను ముందు సవరించి, సవరించినవాటినే కూడాలన్నది ఇక్కడ మనం ఎంచుకొన్న నియమం. ఆ నియమాన్ని కాపాడేది ఈ తిరిగి చదివే టెస్టే.

తెలుగు అక్షరాల లెక్క

సరుకు పేరునూ లెక్కనూ ఒకే వరుసలో పెట్టకపోవడానికి కారణం ఇప్పుడు చెప్పాలి. ఉప్పు అన్న మాటలో మన కంటికి రెండే అక్షరాలు కనిపిస్తాయి. పైథాన్‌ను పొడవు అడిగితే ఐదు అంటుంది, ఎందుకంటే ప్రతి లిపి గుర్తుకూ ఒక సంఖ్యను కేటాయించే యూనికోడ్‌లో ఆ మాట ఉ, ప, పొల్లు, ప, ఉత్వం అనే ఐదు సంకేతాలుగా నిలువ ఉంటుంది. కందిపప్పు మనకు నాలుగు అక్షరాలు, పైథాన్‌కు తొమ్మిది. వరుసను ఖాళీలతో నింపి 16 స్థానాలకు తెచ్చే ఫంక్షన్ ఈ సంకేతాలనే లెక్కపెడుతుంది కాబట్టి ఉప్పు పక్కన 11 ఖాళీలు, కందిపప్పు పక్కన 7 ఖాళీలు చేరుతాయి. కాగితం మీద ధరల నిలువు వరుస వంకరపోతుంది. పైగా తెలుగు అక్షరాల వెడల్పులు ఒకే కొలతలో ఉండవు. దీనికి తెలివైన పరిష్కారాలు వెతుకుతూ నేను చాలా కాలం వృథా చేశాను. పేరును ఒక వరుసలోకి నెట్టి, అంకెలు మాత్రమే ఉన్న వరుసకు వెడల్పు 32 అని టెస్టు రాయడం వల్ల సమస్యే లేకుండా పోయింది. అంకెల వరుసలో కిలో అన్న మాట కూడా ఉండకూడదని దాన్ని పేరు పక్కకు పంపింది కూడా ఇందుకే.

పొడవైన పేర్లను కుదించే కోడ్ ఉంటే దానికి వేరే టెస్టులు కావాలి. ఉప్పు అన్న మాటను మూడు సంకేతాల దగ్గర కోస్తే ఉప్ అని పొల్లుతో వేలాడుతుంది. చింతపండును ఏడు దగ్గర కోస్తే చింతపండ అవుతుంది. కుదించిన పేరు పొల్లుతో ముగియకూడదు, మూల పేరులోని అక్షరం మధ్యలో తెగకూడదు అన్న రెండు షరతులను, పొడవును ఒకటి నుంచి పేరు మొత్తం దాకా మార్చుతూ పరీక్షించండి. ఐస్‌క్రీమ్ లాంటి పొల్లుతోనే ముగిసే పేర్లకు, మూల పేరు అంతా పట్టినప్పుడు మొదటి షరతు వర్తించదని మరవకండి. అక్షరాలుగా విడదీసే పనికి బయటి లైబ్రరీ వాడుతుంటే ఒక జాగ్రత్త అవసరం: 2023లో వచ్చిన యూనికోడ్ 15.1, తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో ఒత్తుతో కూడిన అక్షరాన్ని ఒకే ముక్కగా చూడాలన్న నియమాన్ని చేర్చింది. అంతకు ముందటి నియమాల ప్రకారం ఉప్పు మూడు ముక్కలు, కొత్త నియమం ప్రకారం రెండు. లైబ్రరీ వెర్షను మారిన రోజున టెస్టు తప్పితే కంగారు పడకుండా ముందు ఇది చూడండి.

కంటికి ఒకటిగా కనిపించి పోలికలో తప్పే స్ట్రింగుల సంగతి ఇంకా విసుగు పుట్టిస్తుంది. పైసలు అన్న మాటలోని ఐత్వాన్ని యూనికోడ్ రెండు విధాలుగా ఒప్పుకుంటుంది: 3144 అనే ఒకే సంకేతంగానూ, 3142, 3158 అనే రెండు సంకేతాల జంటగానూ. తెర మీద తేడా కనిపించదు. పైటెస్ట్ మాత్రం రెండూ వేరంటుంది. బిల్లు_పాఠ్యం తన అవుట్‌పుట్‌ను కలిపి రాసే రూపంలోకి, అంటే యూనికోడ్ నాలుగు సాధారణీకరణ రూపాల్లో ఎన్ఎఫ్‌సీ అని పిలిచే దానిలోకి, మార్చి ఇవ్వాలని నియమం పెట్టుకొని, విడిరూపంలో ఉన్న పేరును ఇన్‌పుట్‌గా ఇచ్చి టెస్టు చేయండి. టెస్టు లోపల పోల్చే ముందు రెండు వైపులా సాధారణీకరించడం సులువైన దారిలా కనిపిస్తుంది గాని, అలా చేస్తే ఫంక్షన్ తన పని చేయకపోయినా టెస్టు కప్పిపుచ్చుతుంది.

వాట్సాప్ నుంచో వర్డ్ ఫైలు నుంచో కాపీ చేసిన మాటల్లో కనిపించని సంకేతాలు దూరుతుంటాయి: 160 సంఖ్య గల విరగని ఖాళీ, పొల్లు తర్వాత అక్షరాలను విడదీసే 8204. టెస్టు తప్పి, రెండు వరుసలూ అచ్చుగుద్దినట్టు ఒకేలా కనిపిస్తుంటే, రెండు స్ట్రింగులనూ సంకేతాల సంఖ్యల జాబితాగా మార్చి అచ్చువేసి చూడండి. అరగంట పని అర నిమిషంలో తేలుతుంది.

ఇదే రికార్డు నుంచి ఎస్సెమ్మెస్ కూడా తయారవుతుంటే, తెలుగు సందేశానికి ఒక భాగంలో 70 సంకేతాలే పడతాయని, అంతకు మించితే ముక్కకు 67 చొప్పున విడిపోతుందని గుర్తుంచుకోండి. ₹ గుర్తు ఎస్సెమ్మెస్‌ల మూల అక్షరమాలలో లేదు. పూర్తిగా ఇంగ్లీషులో ఉన్న సందేశంలో ఆ ఒక్క గుర్తు చేరినా పరిమితి 160 నుంచి 70కి పడిపోతుంది. అతి పొడవైన దుకాణం పేరు, కోటి రూపాయల మొత్తం ఇచ్చి పొడవును పరీక్షించే టెస్టు ఒకటి చాలు.

పూర్తి బిల్లు టెస్టు

చేత్తో రాసిన ఆ బిల్లును ఒక ఫైలులో భద్రపరచి, ఫంక్షన్ ఇచ్చిన పాఠ్యంతో అక్షరం అక్షరం పోల్చండి. ఫైలును తెరిచేటప్పుడు, అక్షరాలను బైట్లుగా నిలువచేసే పద్ధతి, అంటే ఎన్‌కోడింగు యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పాలి. లేకపోతే మీ లినక్స్ యంత్రంలో పాసైన టెస్టు సహోద్యోగి విండోస్ యంత్రంలో తప్పవచ్చు. కోడ్ మార్పులను భద్రపరచే గిట్ కూడా విండోస్‌లో వరుసల ముగింపు గుర్తులను మార్చగలదు కాబట్టి, ఈ ఫైళ్ళను ముట్టుకోవద్దని గిట్ ఆట్రిబ్యూట్ల ఫైలులో రాసిపెట్టండి. వరుస చివరి ఖాళీలను ఎడిటరు సేవ్ చేసినప్పుడల్లా తుడిచేసే అలవాటు మరొక తలనొప్పి. బిల్లులో ఏ వరుసా ఖాళీతో ముగియకూడదని ఫంక్షన్‌లోనే నియమం పెడితే ఆ తలనొప్పి ఉండదు.

ఇలాంటి ఫైళ్ళను ఒకే ఆదేశంతో కొత్త అవుట్‌పుట్‌కు మార్చే స్నాప్‌షాట్ ఉపకరణాలు ఉన్నాయి. వాటిని నేను వద్దనను, కానీ ఆ ఆదేశం నడిపినవారు పాత, కొత్త పాఠ్యాల తేడాను చూపే డిఫ్‌ను వరుస వరుసగా చదివి, అంకె మారిన ప్రతిచోటా మళ్ళీ చేత్తో లెక్కకట్టాలి. ఆ ఓపిక లేని జట్టులో స్నాప్‌షాట్లు ఉండకపోవడమే మంచిది.

మిగిలిన సందర్భాలు త్వరగా ముగించవచ్చు. సరుకులే లేని బిల్లుకు ఖాళీ పాఠ్యం రావాలా, తప్పు అని పనిని ఆపేసే ఎక్సెప్షన్ రావాలా అన్నది నిర్ణయించి టెస్టుగా రాయండి. నేనైతే ఎక్సెప్షన్‌నే ఎంచుకుంటాను. ధర లేని సరుకుకు ఆ ఖాళీ చోట విలువ లేదని పైథాన్ సూచించే నన్ (None) అన్న ఇంగ్లీషు మాట అచ్చుకాకుండా చూడండి. పేరులో వరుస విరుపు ఉంటే బిల్లు రెండు ముక్కలు కాకూడదు. సవరింపు సున్నా అయినప్పుడు ఆ వరుస అసలు ఉండాలో వద్దో కూడా తేల్చుకోవాలి.

టెస్టులను తప్పించి చూడడం

అన్నీ పాసైన తర్వాత ఫంక్షన్‌ను కావాలని చెడగొట్టండి. గుణకారాన్ని కూడికగా మార్చండి, తేదీలో రోజును నెలను తారుమారు చేయండి, కిలోల దశాంశాలను రెండుకు తగ్గించండి. ప్రతి మార్పుకూ ఏదో ఒక టెస్టు, దాని పేరు చూస్తేనే కారణం తెలిసేలా తప్పాలి. ఏ టెస్టూ తప్పని మార్పు దొరికితే అక్కడ పట్టికలో ఒక వరుస లోపించిందన్నమాట. సగం పైకి అన్న పద్ధతిని తీసివేసి చూసినప్పుడు నాకు దొరికినది అటువంటిదే: అప్పటికి పట్టికలో ఉన్న మొత్తం 497.50, అది సరి సంఖ్య పద్ధతిలోనూ 498గానే మారుతుంది, సగం పైకి పద్ధతిలోనూ 498గానే మారుతుంది. పై బిల్లులో మొత్తం 498.50 వచ్చేలా సరుకులను ఎంచుకున్నది ఆ తర్వాతే.